గీత కింద రాసినవి

గార్డెన్ రీచ్, కోల్‌కతా
2024 జూన్ 23

పుష్ప అప్పకు,

నువ్వూ చంటీ షాలిమార్ స్టేషన్‌లో రైలెక్కి పన్నెండు రోజులైంది. వేసవంతా మీరున్న ఇల్లు ఇప్పుడు మరీ వెడల్పుగా కనిపిస్తోంది. నాన్న నిన్న కూడా పొరపాటున చంటి కోసం పాల ప్యాకెట్టు తెచ్చాడు. "ఎవులు తాగుతారు, తెచ్చినోడివి నువ్వే తాగు" అని అమ్మ ఆయన చేతే తాగించింది.

నా తెలుగు తరగతికి ఇప్పుడు పద్నాలుగు మంది వస్తున్నారు. మన తెలుగువాళ్ళ సంఘం గది సాయంత్రాలు ఖాళీయే కాబట్టి అక్కడే కూర్చుంటున్నాం. ఈ పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో బెంగాలీ, వీధిలో హిందీ మాట్లాడతారు. తెలుగులో రాసిస్తే మాత్రం సొంత అమ్మ పేరు చదవలేరు. నన్ను 'దిదిమొణి' అని పిలుస్తారు. 'పంతులమ్మ' అనండి అంటే ఆ మాటకే నవ్వుతారు. సంఘం కార్యదర్శి వెంకటేశు బాబాయి నా తరగతి చూసి, వచ్చే సరస్వతీ పూజ నుంచి దీన్ని సంఘం బడిగా చేసి నాకే అప్పగిస్తానన్నాడు. మన ఇళ్ళలో కాలేజీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. ఆ చదువు మన వీధికే అక్కరకొస్తుందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

మీ ఇంట్లో పెదనాన్న వాళ్ళు బాగున్నారు. మీ అత్తగారికీ బావకీ నా నమస్కారాలు. చంటికి ముద్దులు.

————————

ఇక్కడినుంచి నీకు మాత్రమే. నీ పెళ్ళై వెళ్ళేరోజు నువ్వు నేర్పిన పద్ధతే. మన ఇళ్ళలో ఉత్తరం ఏ ఒక్కరిదీ కాదు. చదవడం వచ్చినవాళ్ళు చదువుతారు, తక్కినవాళ్ళు చుట్టూ కూర్చుంటారు. అందుకని గీత పైన రాసింది ఇంటిల్లిపాదికీ, గీత కింద రాసింది ఆ ఒక్కరికీ అన్నావు. పదమూడేళ్ళలో మనం ఒక్కసారీ ఈ గీత దాటలేదు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో ఎదుటివాళ్ళు ఎక్కడ ఆగుతారో నాకు తెలియదు. నేను మాట్లాడే సందు దొరికేసరికి వాళ్ళు "సరే, ఉంటాను" అనేస్తారు. కాగితం అలా చేయదు.

మార్చి నుంచి నేను ఆస్పత్రికి వెళ్తున్నాను. కాలేజీలో పాఠం చెప్పిన మేడం పంపించింది. నన్ను చాలాసేపు మాట్లాడించారు, రకరకాల పరీక్షలు పెట్టారు. అమ్మని పిలిపించి నా చిన్నప్పటి సంగతులన్నీ అడిగారు. నాకు ఉద్యోగం ఇవ్వడానికి అడుగుతున్నారని అమ్మ అనుకుంది.

నాకు ఆటిజం ఉందట. అది రోగం కాదు, తగ్గడానికి. పుట్టుకతోనే మెదడు లోకాన్ని వేరేగా అందుకుంటుందట. కాగితం మీద 'హై ఫంక్షనింగ్' అని రాశారు. డాక్టరమ్మ ఆ మాట చూపించి, "దీన్ని చూసి నీకేమీ కష్టం లేదనుకుంటారు, అందుకే మేం ఈ మాట వాడటం తగ్గించాం" అంది.

ఇంటికి వచ్చి బియ్యం ఏరుతూ కూర్చున్నాను. పొగరు, మొండి, మొద్దు, 'మాటాడితే మొకం సూడదు' అని పాతికేళ్ళుగా నన్ను అన్నవాటన్నిటికీ ఒకటే పేరు ఉందని తెలిసింది. చెప్పుల్లో ఎప్పటినుంచో ఉన్న రాయిని తీసి చేత్తో పట్టుకున్నట్టు అనిపించింది.

ఎవరికీ చెప్పకు. అమ్మకి కూడా నేనింకా ఆ పేరు చెప్పలేదు. ఇక్కడ తెలిస్తే పిల్లల్ని నా దగ్గర కూర్చోనివ్వరు. బడి పోతుంది.

రోజా


పలాస
2024 జూలై 9

రోజాకు అప్ప ఆశీస్సులు.

నీ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. "మీ సిన్నాన్న పాలు తాగినాడా" అని పొద్దుటినుంచీ నవ్వుతూనే ఉంది. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నేను మళ్ళీ జీడిపిక్కల పనికి వెళ్తున్నాను. చేతులు నల్లబడి అన్నం కలుపుకోవాలంటే నాకే అదోలా ఉంది. నీ బడి సంగతి చెప్తే మీ బావ కూడా సంతోషించారు. పిన్నిని మోకాళ్ళకి నూనె రాసుకోమను.

————————

ఏటే, నీకు ఆటిజం ఏటి? బి.ఏ. పాసయ్యావు. ఒక్కదానివే ఆటో ఎక్కి మెటియాబ్రుజ్ వెళ్ళొస్తావు. టీవీలో చూపించే పిల్లల్లాగా తల గోడకేసి కొట్టుకోవు. చూడ్డానికి బంగారంలా ఉంటావు. అలాంటిది కొంచెం కొంచెం అందరికీ ఉంటుంది. పెళ్ళిళ్ళకి వెళ్తే నాకూ తలనొప్పి వస్తుంది. నీకూ ఒక పెళ్ళైతే అవే సర్దుకుంటాయి. ఆ డాక్టరమ్మకి మన భాష రాక, పిన్ని చెప్పింది ఇంకోలా అర్థమైందేమో.

సరే, ఉంటే ఉంది. నా దగ్గర నీకు భయమెందుకు. నా కడుపులో పెట్టుకుంటాను.

ఒక సంగతి అడుగుతాను చెప్పు. చిన్నప్పుడు నీకు తల దువ్వుతుంటే వీధి వీధంతా వినబడేలా అరిచేదానివి కదా, అప్పుడు లోపల ఎలా ఉండేది? కుక్కరు కూత పెడితే ఎందుకు పరుగెత్తేదానివి? ఒకే అన్నం, ఒకే కూర ఎందుకు అడిగేదానివి? నీకు మాటలు ఎప్పుడొచ్చాయో పిన్ని ఏమైనా చెప్పిందా? ఏడుపు పట్టినప్పుడు ఏం చేస్తే ఆగేది?

ఊరికే అడుగుతున్నాను.

అప్ప


గార్డెన్ రీచ్, కోల్‌కతా
2024 ఆగస్టు 4

పుష్ప అప్పకు,

ఇక్కడ అందరం బాగున్నాం. రోడ్డు మీద నీళ్ళు నిలిచి మూడు రోజులు ఆటోలు తిరగలేదు. అయినా పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని తరగతికి వచ్చారు. తవిటమ్మ మనవరాలు గుణింతాలు పూర్తి చేసింది. అమ్మకి నూనె సంగతి చెప్పాను. "దానికేటి తెల్సు నా మోకాళ్ళ సంగతి" అంటూనే రాసుకుంటోంది.

————————

నువ్వడిగినవి ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. ఎందుకు అరుస్తున్నావని తిట్టారు గాని, లోపల ఎలా ఉందని అడగలేదు. అందుకని అన్నిటికీ రాస్తాను.

తల దువ్వుతుంటే దువ్వెన పళ్ళు పుర్రె లోపల గీస్తున్నట్టు ఉండేది. నొప్పి అన్నా అది సరిపోయే మాట కాదు. కుక్కరు కూతైనా, షిప్‌యార్డు సైరనైనా చెవిలోకి వచ్చి ఆగదు. పళ్ళలోకి, కడుపులోకి వెళ్తుంది. పరుగెత్తితే కాస్త వెనకబడుతుందనుకునేదాన్ని. ఒకే కూర ఎందుకంటే, మిగతా రోజంతా ఎటునుంచి ఏం వచ్చి మీద పడుతుందో తెలియదు. కంచంలోనైనా తెలిసింది ఉండాలి. మూడున్నరేళ్ళకి గాని నాకు మాటలు రాలేదని అమ్మ చెప్పింది. ఏడుపు పట్టినప్పుడు ఎత్తుకోవద్దు, ఊపొద్దు, "ఊరుకో ఊరుకో" అనొద్దు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కూర్చోనిస్తే చాలు. మన అమ్మమ్మకి అది తెలుసు. ఆవిడ డబ్బా మూత తీసి, ఇంకోవైపు తిరిగి తన పని చూసుకునేది.

అమ్మమ్మ పోయినరోజు నేను ఏడవలేదని మీ అమ్మ చెంప మీద కొట్టింది, గుర్తుందా? "దీనికి పేమ నేదు" అంది. ఇలాంటివాళ్ళకి ప్రేమ ఉండదని ఇప్పటికీ అనుకుంటారట. ఆ రోజు నేను అమ్మమ్మ చీరలన్నీ తీసి ఆవిడ మడతపెట్టే పద్ధతిలోనే మళ్ళీ మడతపెట్టాను. ఇంకెవరైనా మడతపెడితే ఆవిడ మడత పోతుందని నా భయం. అది ఏడుపు కాదని ఎవరంటారు?

అప్పా, నువ్వు ఊరికే అడగడం లేదు. చంటి గురించి అడుగుతున్నావు. షాలిమార్‌లో మీరు దిగినప్పుడే నేను చూశాను. ఇంజను కూతకి రెండు చెవులూ మూసుకుని నీ కొంగులో దూరింది. అప్పటికది నన్నింకా చూడనే లేదు. నేను ఇంటికి తీసుకొచ్చిన బొమ్మతో ఆడకుండా దాని చక్రం ఒక్కటే తిప్పుతూ కూర్చుంది. నాకు ముద్దొచ్చింది. ఇందులో భయపడాల్సింది లేదు. విశాఖలో పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించు. ఐదేళ్ళకే తెలిస్తే, నేను పడ్డవాటిలో సగం అది పడక్కర్లేదు.

రోజా


పలాస
2024 సెప్టెంబరు 22

రోజాకు,

నీ ఉత్తరం అందింది. అందరం బాగున్నాం. చంటికి ఏమీ లేదు. మాటలు కొంచెం ఆలస్యం, అంతే. వాళ్ళ నాన్నకీ అంతేనట. మా ఇంట్లో అలాంటివి ఎవరికీ లేవు. అలాంటివి రాయకు.

ఇకనుంచి ఉత్తరంలో గీత గీయకు. మీ బావ అడుగుతున్నారు, ఆ గీత ఏమిటని.

పిన్నికీ చిన్నాన్నకీ నమస్కారాలు. దుర్గాపూజకి కొత్త బట్టలు కట్టుకో.

పుష్ప


గార్డెన్ రీచ్, కోల్‌కతా
2024 నవంబరు 10

అప్పకు,

పూజ సెలవులయ్యాక సోమవారం తరగతి తెరిచాను. పద్నాలుగు మందిలో నలుగురొచ్చారు. పావుగంటకి ఇద్దరి తల్లులు గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి అడుగుపెట్టకుండానే పిల్లల్ని పిలుచుకుని వెళ్ళిపోయారు.

వెంకటేశు బాబాయి దగ్గరికి వెళ్ళాను. సంఘం గుమ్మంలో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. మీ నాన్న కూడా ఉన్నాడు. నన్ను చూసి అటు తిరిగాడు.

"అమ్మా, నీ మీద నాకేటీ కోపం నేదు. తల్లులు భయపడతన్నారు. పలాస గుంట, అదే మీ అప్ప కూతురు, నీ కాడ రెండు నెల్లుండి మాట మానేసినాదట కదా" అన్నాడు వెంకటేశు బాబాయి.

"ఎవరు చెప్పారు?"

"మీ పెదనాన్నకి అల్లుడు ఫోన్ సేసినాడట. నీకేదో ఉన్నాదట. నువ్వు సేసినట్టల్లా సూసి ఆ గుంటా నేర్సుకున్నాదట. సెవులు మూసుకోడం, పక్కకి సూడ్డం, అన్నీ."

నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. ఎవరైనా గట్టిగా మాట్లాడుతున్నప్పుడు మొహం కూడా చూస్తే నాకు మాటలు వినపడవు. మాట కావాలంటే మొహం వదులుకోవాలి. "సూడు, తప్పు సేసినోల్లే అలగ నేల సూత్తారు" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

సోములు చిన్నాన్న మాత్రం నా పక్కకి జరిగి, జేబులోంచి లాటరీ టికెట్లు తీశాడు. "అలాటోల్లకి లెక్కలు దేవుడిచ్చినట్టు వత్తాయట, టీవీలో సూపించినాడు. ఇందులో ఏది తగుల్తాదో సూసి సెప్పు తల్లీ."

"లెక్కల్లో నాకు ముప్పై ఆరు మార్కులొచ్చాయి చిన్నాన్నా."

"అదేటే, వచ్చిన రోగంలో మంచి ముక్కొక్కటీ నీకు రానేదా" అని టికెట్లు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు తవిటమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడకి నా మీద జాలే. "ఏటి కష్టమే నీది. తల దువ్వితే దువ్వెన పళ్ళు పుర్రె లోపల గీసినట్టుంటాదట కదే, పాపం."

అప్పా, ఆ మాటలు నేను నోటితో ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకి కూడా చెప్పలేదు. ఆగస్టులో, గీత కింద, నీకు రాశాను.

ఆ రోజు సాయంత్రం అమ్మకి అంతా చెప్పాను. అమ్మ, "నాను ఏటి తక్కువ సేసినాను నీకు" అని ఏడ్చింది. నీ వల్ల రాలేదమ్మా అంటే ఇంకా ఏడ్చింది. నాన్న లోపలికి వెళ్ళి మంచం మీద పడుకున్నాడు.

ఎందుకు చేశావని అడగను. ఒకటే కావాలి. ఒక ఉత్తరం రాసి పంపు. అందులో ఈ ఒక్క వాక్యం రాయి: "చంటి కోల్‌కతా వెళ్ళకముందు నుంచే అలా ఉండేది." అది నిజమని నీకు తెలుసు. సంఘం గదిలో అందరి ముందూ చదువుతాను. నా మాట వాళ్ళు నమ్మరు, నీ ఉత్తరం నమ్ముతారు. సరస్వతీ పూజ దాకా ఆగుతానని వెంకటేశు బాబాయి అన్నాడు. ఆ తరువాత బడి ఇంకొకరికిస్తారు.

రోజా


పలాస
2024 డిసెంబరు 1

రోజాకు,

ఇది పనిచేసే చోట కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో ఎవరూ చూడరు. అంతా నీకే.

నీకు సెప్టెంబరులో రాశాక, చంటిని శ్రీకాకుళంలో డాక్టరుకి చూపించాం. నువ్వు చెప్పిన పేరే ఆయనా చెప్పాడు. ఇంటికి రాగానే అత్త వాకిట్లో కూర్చుని మొదలుపెట్టింది. "మా ఇంట్లో ఏ తరానా నేదు. ఇది మీ ఇంటి రకతం. తెలిసే కట్టబెట్టినారు. నీ గుంటని తీసుకుని నువ్వొచ్చిన దారిన పో" అంది. మీ బావ మూడు రోజులు నేను పెట్టిన అన్నం తినలేదు. నాలుగో రోజు నా పెట్టె సర్ది గుమ్మంలో పెట్టారు.

నీకు తెలియదు, అలా సర్దిన పెట్టె ఎలా ఉంటుందో. నేను పెట్టె తెరిచి నీ ఆగస్టు ఉత్తరం తీశాను. అందరినీ కూర్చోబెట్టి నేనే చదివాను. రోజాకి ఉంది, చంటి రెండు నెలలు రోజాని చూసి అవన్నీ నేర్చుకుంది, చూడండి, ఇద్దరూ ఒకేలా చేస్తారు అని చెప్పాను. షాలిమార్ సంగతి రాసిన చోట ఆపేశాను. నేర్చుకున్నదైతే మరిచిపోవచ్చు కదా, మరిపించొచ్చు కదా అన్నాను. అత్త నమ్మింది. పెట్టె లోపలికి తెచ్చుకున్నాను. ఇప్పుడు నువ్వడిగిన వాక్యం రాస్తే, ఇక్కడికి చేరడానికి ఒక్క ఫోన్ చాలు.

నీకు కోపం వచ్చింది సరే. మరి నాది ఎవరు చదివారు? ఖరగ్‌పూర్ నుంచి నేను ఇష్టపడ్డ ప్రదీప్‌కుమార్ నాకు రాసిన ఉత్తరం మా నాన్న చేతిలో పడితే, వీధరుగు మీద నిలబడి గొంతెత్తి చదివిందెవరు? మొదటి మాటనుంచి సంతకం దాకా. నేను తలుపు చాటునుంచి చేతులు జోడించాను. నువ్వు నన్ను చూశావు. చూసి కూడా ఆపలేదు. నెల తిరక్కుండా పెళ్ళి చేసి నన్ను పలాస పంపేశారు. ఆ గీత నీకు ఎందుకు నేర్పాననుకున్నావు?

నీకు ఇలాంటివి తగలవని, నీ మనసు అలా తయారైందని, ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

పుష్ప


గార్డెన్ రీచ్, కోల్‌కతా
2024 డిసెంబరు 17

అప్పకు,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. జవాబు నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది.

ఆ ఉత్తరం నాకు గుర్తుంది. నీలం సిరా. పెదనాన్న నన్ను పిలిచి "ఏటి రాసినారో సదవే తల్లీ" అన్నాడు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఒక్క తప్పూ రాకుండా చదివాను. నువ్వు తలుపు చాటున చేతులు జోడించడం చూశాను. నేను బాగా చదువుతున్నానని దండం పెడుతున్నావనుకున్నాను. చదవడం అయ్యాక పెదనాన్న నాకు సందేశ్ మిఠాయి కొనిపెట్టాడు. అందుకని అది మంచి ఉత్తరమనుకున్నాను. నెల తిరక్కుండా నీకు పెళ్ళి కుదిరితే, ఆ ఉత్తరం వల్లే కుదిరిందని సంతోషించాను. మొన్న నీ ఉత్తరం వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

క్షమించు. ఇది మర్యాదకి రాసే మాట కాదు. ఆ అరుగు మీద నిలబడిన నన్ను, ఇప్పుడు వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపగలిగితే ఆపుతాను.

కానీ రెండూ ఒకటి కావు అప్పా. అప్పటికి నాకు గీత ఎవరూ నేర్పలేదు. నీకు నేర్పాల్సిన పని లేదు, అది కనిపెట్టిందే నువ్వు. నేను నీ మాటలు ఉన్నవి ఉన్నట్టు చదివాను. నువ్వు నా మాటలు సగం చదివి, మిగతా సగం దగ్గర ఆగావు. ఎక్కడ ఆగాలో నీకు అంత బాగా తెలుసు.

నాకు తగలవన్నావు. పదమూడేళ్ళుగా ఎవరికి రాస్తున్నానని అనుకున్నావు? నాకు ఇంకెవరూ లేరు. ఏ మాటకి ఏ అర్థమో తెలియని ఈ లోకంలో నీ ఉత్తరాల్లో మాత్రం రాసిందే అర్థం అనుకున్నాను. "నా కడుపులో పెట్టుకుంటాను" అన్నావు. అది కూడా ఉన్నది ఉన్నట్టే చదువుకున్నాను.

నీ పెట్టె గుమ్మంలో పెట్టారని చదివి, వెళ్ళి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కూర్చున్నాను. అయినా నా వాక్యం నాకు కావాలి. నీ బాధ నిజం కాబట్టి నా మీద పడిన అబద్ధం నిజం కాదు. చంటి గురించి వద్దంటే, నా గురించే రాయి. "రోజా వల్ల పిల్లలకి ఏమీ కాదు" అని రాయి. చాలు.

రోజా


పలాస
2025 జనవరి 21

చెల్లి రోజాకు అప్ప ఆశీస్సులు. ఇది వీధిలో పెద్దలందరికీ చదివి వినిపించు.

వెంకటేశు బాబాయికీ, తవిటమ్మ అత్తకీ, మా నాన్నకీ పుష్పరాణి నమస్కారాలు. మేమంతా బాగున్నాం. మా రోజా చాలా మంచిది. చిన్నప్పటినుంచీ ఒకరి జోలికి పోలేదు. మా ఇళ్ళలో అంత చదువు చదివింది అదొక్కతే. దాని మనసు వెన్న. దాన్ని ఎవరూ ఒక్క మాట అనొద్దు. ఏది ఎవరికి ఎలా రాసిపెట్టి ఉంటే అలా జరుగుతుంది, ఎవరినీ తప్పుపట్టి లాభం లేదు. అందరి పిల్లలూ సరస్వతి కటాక్షంతో చల్లగా ఉండాలి.

————————

ఇది నీకు మాత్రమే.

చంటి నీ దగ్గరికి రాకముందు నుంచే అలాగే ఉండేది. ఏడాదిన్నర నుంచే నాకు తెలుసు. నీ చిన్నతనం నేను కళ్ళారా చూశాను కదా, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది. అసలు వేసవిలో దాన్ని తీసుకొచ్చింది కూడా, నీ పక్కన కూర్చోబెట్టి చూద్దామనే. ఇద్దరూ కిటికీ దగ్గర మాట్లాడుకోకుండా గంటసేపు హాయిగా కూర్చున్నారు, ఆ రోజే నిర్ధారణ చేసుకున్నాను. నీ వల్ల కాదు. ఎవరి వల్లా కాదు. పైన రాయలేను. నన్ను అర్థం చేసుకో.

అప్ప


గార్డెన్ రీచ్, కోల్‌కతా
2025 ఫిబ్రవరి 6

పుష్పరాణి అప్పకు,

సరస్వతీ పూజకి ముందురోజు సంఘం గదిలో అందరూ కూర్చున్నారు. నీ ఉత్తరం తీసి, గొంతెత్తి, ఒక్క తప్పూ రాకుండా గీత దాకా చదివాను. చదివి మడతపెట్టబోతే మీ నాన్న, "ఏటి, అంతేనా? కింద ఇంకా నల్లగా కనపడతన్నాదే" అన్నాడు. చదవడం రాకపోయినా సిరా కనపడుతుంది కదా.

"ఉంది. అది నాకు రాసింది" అన్నాను.

వెంకటేశు బాబాయి ముందుకి వంగాడు. "అలాటోల్లు అబద్దం ఆడనేరంటారు కదా. నువ్వే సెప్పమ్మా. ఆ గుంట నీ కాడికి రాకముందే అలగున్నాదా?"

మేం అబద్ధం ఆడలేమని అందరికీ ఒక నమ్మకం. ఆడగలను. కావాలంటే ఎలా ఆడాలో ఈ ఏడాది నీ ఉత్తరాల్లోనే నేర్చుకున్నాను. కానీ అక్కడ అబద్ధం అక్కర్లేదు. నా చేతిలోనే నిజం ఉంది, నీ చేతిరాతలో. రెండు వాక్యాలు చదివితే బడి నాది.

"నాకున్నది ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. డాక్టరు కాగితం తెచ్చాను, చూడండి. చంటి సంగతి దాని అమ్మ చెప్పాలి" అన్నాను.

కాగితం చేతులు మారింది. అది ఇంగ్లీషులో ఉంది. "అప్పే సెప్పనేకపోనాదంటే ఏటో ఉన్నాదనే కదా" అన్నాడు మీ నాన్న, మెల్లగా, కూతురి పరువు కాపాడుకున్నవాడిలాగా. బడి మన వీధి కుర్రాడు ప్రేమ్‌సాగర్‌కి ఇచ్చారు. అతను ఒత్తులు దాటేసి చదువుతాడు. మర్నాడు పూజలో పలకల మీద పిల్లల చేత మొదటి అక్షరం దిద్దించింది అతనే. నేను మా గుమ్మంలోంచి మంత్రాలు విన్నాను.

తవిటమ్మ మాత్రం మనవరాలిని మా ఇంటికే తీసుకొచ్చింది. ఎవరో వద్దన్నారట. "అంటుకుంటే అంటుకోనీ. దాంతోపాటు నాలుగు అచ్చరాలు కూడా అంటుకుంటే అదే పదివేలు" అని చెప్పి వచ్చిందట. ప్రస్తుతానికి నా బడి అంతే, ఒక పిల్ల, ఒక పలక.

ఆ రెండు వాక్యాలు నేనెందుకు చదవలేదో నీకు తెలియాలి. నీ మీద ప్రేమతో అనుకోకు. ఆ రోజు నాకు ప్రేమ లేదు. చదివితే మీ అత్త ఈసారి రెండు పెట్టెలు సర్దుతుంది. నిన్ను పంపితే నీతోపాటు చంటి వస్తుంది, నీతో పంపకుండా ఆపుకుంటే చంటి అక్కడ ఒంటరిగా మిగులుతుంది. ఏదైనా పడేది దాని మీదే. ఐదేళ్ళ పిల్ల మీద నా బడి కట్టుకోలేను.

ఒక్కటి మాత్రం చెయ్యి. నేర్చుకుందన్నావు కాబట్టి వాళ్ళు మరిపించాలని చూస్తారు. చెవుల మీది చేతులు లాగేస్తారు, గడ్డం పట్టుకుని మొహంలోకి చూడమంటారు, వినకపోతే కొడతారు. నాకు అవన్నీ చేశారు. మరపు రాలేదు, భయం వచ్చింది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకు. 'తప్పు దానిది కాదు' అని నా గురించి నువ్వు పలకలేకపోయిన ఆ ఒక్క మాటా దానికోసమైనా ఆ ఇంట్లో పలుకు.

నీకు ఇంక రాయను. నువ్వు కూడా రాయొద్దు. వచ్చినా విప్పను. కోపం తగ్గాక మారుస్తానేమో అనుకోకు, నేను అన్నది అన్నట్టే ఉంటానని నువ్వే అందరికీ చెప్తావు కదా.

చంటికి రాయడం వచ్చాక, దానికే ఇష్టమైతే, నాకు రాయమను. పైనా కిందా చూసుకోనక్కర్లేదు, ఏం రాయాలనిపిస్తే అది రాయమను. ఎవరూ లేనప్పుడు చదువుకుంటాను.

రోజా